మందు దారి: పేగుల్లో, నీళ్లలో

నొప్పికి వాడే ట్రమడాల్ మాత్రలో దాదాపు 30 శాతం మందు ఏ మార్పూ లేకుండా మూత్రంలో బయటికి పోతుంది. మిగిలినదాంట్లో ఎక్కువ భాగం కాలేయంలో రూపం మార్చుకుని అదే దారి పడుతుంది. ఒంట్లో ఉన్న కొద్ది గంటల్లో అది నొప్పిని తగ్గిస్తుంది, పేగుల కదలికనూ మందగింపజేస్తుంది. ఒంట్లోంచి వెళ్లాక మురుగుకాలువలో, శుద్ధి కేంద్రంలో, చివరికి నదిలో తేలుతుంది. అలా ఒకే మాత్ర రోగికి మలబద్ధకాన్నీ, ఊరి నీటికి కాలుష్యాన్నీ తెచ్చిపెడుతుంది. మొదటిది చెప్పుకోవడానికి రోగి సిగ్గుపడతాడు. రెండోది కంటికి ఆనదు. రెండింటి మీదా పరిశోధన ఆలస్యంగా మొదలవడానికి ఇదీ ఒక కారణం కావచ్చు.

మందు చేయాల్సిన పని చేశాక ఏమవుతుందన్న ప్రశ్న వైద్యశాస్త్రంలో చాలాకాలం పక్కనే ఉండిపోయింది. గత యాభై ఏళ్లలో రసాయన శాస్త్రవేత్తలు నీటి వైపు నుంచి, వైద్యులు పేగు వైపు నుంచి ఆ ప్రశ్నకు జవాబు వెతుకుతూ వచ్చారు. వాళ్ల దారులు కొన్నిచోట్ల కలుస్తాయి కూడా.

నీళ్లలో మందులు బయటపడిన తీరు

అమెరికాలోని కాన్సాస్ సిటీ మురుగుశుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో కొలెస్టరాల్ మందు క్లోఫైబ్రేట్ అవశేషమైన క్లోఫైబ్రిక్ ఆమ్లం, ఆస్పిరిన్ నుంచి పుట్టే శాలిసిలిక్ ఆమ్లం ఉన్నాయని హిగ్నైట్, అజార్నాఫ్ అనే పరిశోధకులు 1977లో ప్రచురించారు. అప్పట్లో దాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1990లలో బెర్లిన్ భూగర్భజలాల్లో అదే క్లోఫైబ్రిక్ ఆమ్లం దొరికాక యూరప్ ఉలిక్కిపడింది. లీటరు నీటిలో నానోగ్రాముల మోతాదును, అంటే గ్రాములో వంద కోట్లో వంతును కొలవగల పరికరాలు ప్రయోగశాలలకు చేరాక, వెతికిన ప్రతిచోటా మందులు కనబడసాగాయి.

అంత తక్కువ మోతాదుతో ఏమవుతుందన్న సందేహానికి కెనడాలోని ఒక సరస్సు సమాధానమిచ్చింది. ఒంటారియో రాష్ట్రంలో ప్రయోగాల కోసమే కేటాయించిన సరస్సుల్లో 260వ నంబరు సరస్సులోకి, గర్భనిరోధక మాత్రల్లో ఉండే ఇథైనిల్ ఈస్ట్రడయాల్‌ను 2001 నుంచి 2003 వరకు వేసవుల్లో వదిలారు. నీటిలో దాని మోతాదు లీటరుకు 5, 6 నానోగ్రాములు మాత్రమే. మగ చేపల్లో ఆడ లక్షణాలు వచ్చాయి, వృషణాల ఎదుగుదల దెబ్బతింది. ఫ్యాట్‌హెడ్ మిన్నో అనే చిన్నచేప ఆ సరస్సులో దాదాపు అంతరించే స్థితికి చేరింది. కరెన్ కిడ్ బృందం 2007లో ఈ ఫలితాలను ప్రకటించింది. నీటిలో మందు తక్కువే కదా అనే వాదనకు ఇంతకంటే గట్టి జవాబు దొరకదు.

యార్క్ విశ్వవిద్యాలయం నాయకత్వంలో జరిగిన అధ్యయనం ఒకటి 2022లో వెలువడింది. 104 దేశాల్లోని 258 నదుల నుంచి, 1,052 చోట్ల నీటి నమూనాలు తీసి 61 మందుల కోసం వెతికారు. నాలుగింట ఒక వంతు చోట్ల ఏదో ఒక మందు జలచరాలకు సురక్షితమైన హద్దు దాటి, లేదా యాంటీబయాటిక్ నిరోధకతను పెంచగల స్థాయిలో ఉంది. మూర్ఛకు వాడే కార్బమజెపిన్, చక్కెర వ్యాధికి వాడే మెట్‌ఫార్మిన్, కాఫీ టీలలోని కెఫీన్ అన్నిటికంటే ఎక్కువ చోట్ల కనిపించాయి. లాహోర్, లా పాజ్, అడిస్ అబాబా నగరాల నదుల్లో కాలుష్యం తీవ్రంగా ఉంది.

మందు ప్రకృతిలోకి చేరే దారి నీరొక్కటే కాదు. పశువులకు వేసిన డైక్లోఫెనాక్ కళేబరాల ద్వారా రాబందుల కిడ్నీలను దెబ్బతీసి, భారత ఉపఖండంలో వాటిని దాదాపు తుడిచిపెట్టేసింది. 2004లో ఈ సంగతి రుజువైంది. 2006లో భారత్ పశువైద్యంలో దాన్ని నిషేధించింది.

పటాన్‌చెరు

ఔషధ కాలుష్యం మీద ప్రపంచంలో ఎక్కడ పుస్తకం రాసినా పటాన్‌చెరు పేరు రాకుండా ఉండదు. 1961లో ఏర్పడిన ప్రభుత్వ రంగ సంస్థ ఐడీపీఎల్ బాలానగర్‌లో మందుల కర్మాగారం పెట్టాక హైదరాబాద్ చుట్టూ బల్క్ డ్రగ్ పరిశ్రమ పెరిగింది. ఐడీపీఎల్‌లో పని నేర్చుకున్నవాళ్లు బయటికొచ్చి సొంత కంపెనీలు పెట్టారు. పటాన్‌చెరు, బొల్లారం, జీడిమెట్ల, కాజీపల్లి పారిశ్రామికవాడలు మందుల ముడిసరుకుకు ప్రపంచ కేంద్రాలయ్యాయి. పేద దేశాలకు చవకగా మందులు అందడంలో ఈ ప్రాంతానికి ఉన్న వాటా పెద్దది, దాన్ని తక్కువ చేయకూడదు. ఆ చవకదనానికి మూల్యం చెల్లించినవాళ్లు మాత్రం నక్కవాగు పక్క రైతులు.

కర్మాగారాల వ్యర్థజలాలు చెరువుల్లోకి, నక్కవాగులోకి, అక్కడి నుంచి మంజీరలోకి చేరేవి. పంటలు మాడిపోయాయి, చేపలు చచ్చాయి, బావినీళ్లు రంగు మారాయి. పటాన్‌చెరులో వైద్యం చేసిన డాక్టర్ కిషన్‌రావు గ్రామస్థులతో కలిసి దశాబ్దాలపాటు పోరాడారు. వ్యవహారం 1990లో సుప్రీంకోర్టుకు వెళ్లింది. తర్వాత కర్మాగారాల వ్యర్థాలను ట్యాంకర్లలో తెచ్చి ఒకేచోట శుద్ధి చేసే ఉమ్మడి కేంద్రం వచ్చింది.

ఆ ఉమ్మడి కేంద్రం నుంచి శుద్ధి అయి బయటికొచ్చే నీటినే స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త జోకిమ్ లార్సన్ బృందం పరీక్షించింది. 2007లో వచ్చిన ఫలితాలు చూసి లెక్కలో తప్పు దొర్లిందేమో అనుకున్నవాళ్లున్నారు. సుమారు 90 మందుల కర్మాగారాల వ్యర్థాలు అక్కడికి వచ్చేవి. 59 మందుల కోసం వెతికితే 11 మందులు లీటరుకు 100 మైక్రోగ్రాములకు మించి దొరికాయి. సిప్రోఫ్లాక్ససిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. ఆ మందు మింగిన రోగి రక్తంలో ఉండే మోతాదు కంటే ఇది ఎన్నో రెట్లు ఎక్కువ. రోజుకు దాదాపు 45 కిలోల సిప్రోఫ్లాక్ససిన్ ఆ నీటిలో కొట్టుకుపోతోందని వాళ్లు అంచనా కట్టారు. అప్పటికి 90 లక్షల జనాభా ఉన్న స్వీడన్ దేశమంతా ఐదు రోజులు వాడే మోతాదది.

2009లో అదే బృందం చుట్టుపక్కల చెరువులు, బావులు చూసింది. ఒక చెరువులో సిప్రోఫ్లాక్ససిన్ లీటరుకు 6.5 మిల్లీగ్రాములు, అలర్జీ మందు సెటిరిజిన్ 1.2 మిల్లీగ్రాములు దొరికాయి. గ్రామాల బావినీళ్లలోనూ మందులున్నాయి. తర్వాతి అధ్యయనాల్లో వాగు అడుగు బురదలోనూ, కాజీపల్లి చెరువు బురదలోనూ బ్యాక్టీరియా డీఎన్‌ఏను పరిశీలిస్తే, యాంటీబయాటిక్‌లను తట్టుకునే జన్యువులు విపరీతంగా పేరుకుపోయి కనిపించాయి. ప్రమాదమంతా ఇక్కడే ఉంది. ఆ జన్యువులు ఒక సూక్ష్మజీవి నుంచి మరోదానికి బదిలీ అవుతాయి, ఊరూ దేశం హద్దులు వాటికి లేవు. 2019లో మందులకు లొంగని బ్యాక్టీరియా వల్ల నేరుగా పోయిన ప్రాణాలు ప్రపంచమంతటా 12 లక్షల 70 వేలని 2022లో లాన్సెట్ పత్రికలో వచ్చిన అంచనా చెబుతోంది.

పటాన్‌చెరు ఉమ్మడి కేంద్రం నీటిని సుమారు 18 కిలోమీటర్ల పైపులైను ద్వారా నగర మురుగులో కలిపి అంబర్‌పేట శుద్ధి కేంద్రానికి మళ్లించారు. నక్కవాగుకు కొంత ఊరట దొరికింది. భారం మూసీ వైపు జరిగింది. ఆంధ్రప్రదేశ్‌లో పైడిభీమవరం, పరవాడ ఇప్పుడు బల్క్ డ్రగ్ కేంద్రాలు. పరవాడ ఫార్మాసిటీలో శుద్ధి చేసిన వ్యర్థజలాలు పైపు ద్వారా బంగాళాఖాతంలోకి పోతాయి.

పాత శుద్ధి ఎక్కడ ఆగిపోతుంది

నగరాల మురుగుశుద్ధి కేంద్రాల్లో ఎక్కువ భాగం 1914లో ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌లో ఆర్డెర్న్, లాకెట్ కనిపెట్టిన పద్ధతి మీదే నడుస్తున్నాయి. మురుగులోకి గాలి పంపితే బ్యాక్టీరియా పెరిగి మలినాలను తినేస్తుంది, ఆ బ్యాక్టీరియా బురదగా అడుగుకు దిగుతుంది. కలరా, టైఫాయిడ్ కాలంలో ఇది ఎన్నో ప్రాణాలు నిలిపింది. మందుల కోసం రూపొందించింది మాత్రం కాదు.

అందువల్ల ఫలితం మందును బట్టి మారిపోతుంది. పారాసెటమాల్, ఇబుప్రోఫెన్, కెఫీన్‌లను బ్యాక్టీరియా 90 శాతానికి పైగా తినేస్తుంది. కార్బమజెపిన్ దాదాపు చెక్కుచెదరకుండా దాటిపోతుంది. డైక్లోఫెనాక్, ట్రమడాల్ కూడా మొండివే. సిప్రోఫ్లాక్ససిన్ నీటిలోంచి తగ్గుతుంది గానీ బురదకు అంటుకుంటుంది. ఆ బురదను ఎరువుగా పొలంలో చల్లితే మందు మట్టిలోకి వెళ్తుంది. మెట్‌ఫార్మిన్ విరిగి గ్వానిల్‌యూరియా అవుతుంది, ఆ కొత్త పదార్థం నదిలో నిలిచిపోతుంది. కాబట్టి ఒక శుద్ధి కేంద్రం గురించి చెప్పేటప్పుడు ఎంత శాతం మందు పోయిందని అడిగితే చాలదు, ఎక్కడికి పోయిందో, ఏ రూపంలో పోయిందో కూడా అడగాలి.

నాలుగో అంచె

పాత పద్ధతికి పైన చేర్చే కొత్త శుద్ధిని ఇంజినీర్లు నాలుగో అంచె అంటున్నారు. ఇందులో ఇప్పటికి నిలదొక్కుకున్నవి రెండు: యాక్టివేటెడ్ కార్బన్, ఓజోన్.

యాక్టివేటెడ్ కార్బన్ అంటే కొబ్బరిచిప్ప, బొగ్గు, కట్టె లాంటివాటిని కాల్చి, ఆవిరితోనో రసాయనంతోనో లోపల కోట్లాది సన్నరంధ్రాలు పుట్టించిన బొగ్గు. ఒక గ్రాములో 1,000 చదరపు మీటర్ల దాకా ఉపరితలం ఉంటుంది. మందు అణువులు ఆ రంధ్రాల గోడలకు అంటుకుపోతాయి. పొడిగా వాడితే మురుగునీటికి లీటరుకు 10 నుంచి 20 మిల్లీగ్రాములు సరిపోతుంది. పలుకులుగా పోసిన మడుల గుండా నీటిని పారించడం మరో పద్ధతి. మందు ఇక్కడ నాశనం కాదు, నీటిలోంచి బొగ్గులోకి మారుతుంది. నిండిపోయిన బొగ్గును తీవ్రమైన వేడిలో మళ్లీ కాల్చి శుభ్రపరచాలి, లేదా దహనం చేయాలి. దానికయ్యే ఇంధనం ఖర్చు చిన్నది కాదు.

ఓజోన్ దారి వేరు. అది మందు అణువును పట్టుకుని విరగ్గొడుతుంది. కార్బమజెపిన్, డైక్లోఫెనాక్ లాంటి మొండి మందులు కూడా ఓజోన్‌కు సులువుగా లొంగుతాయి. స్కానింగ్‌కు ముందు రక్తనాళంలోకి ఎక్కించే అయోడిన్ కాంట్రాస్ట్ మందులు మాత్రం అంత తేలిగ్గా లొంగవు. నీటిలో బ్రోమైడ్ ఉంటే ఓజోన్ దాన్ని బ్రోమేట్‌గా మార్చే ప్రమాదముంది. తాగునీటిలో బ్రోమేట్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు లీటరుకు 10 మైక్రోగ్రాములు. ఉప్పు శాతం ఎక్కువున్న పారిశ్రామికవాడ నీళ్లలో దీన్ని ముందే పరీక్షించాలి. విరిగిన ముక్కల్ని తినడానికి ఓజోన్ తర్వాత ఇసుక మడిని పెడతారు. అందులోని బ్యాక్టీరియా మిగతా పని చూసుకుంటుంది.

ఆర్‌ఓ పొరలు దాదాపు అన్ని మందులనూ ఆపేస్తాయి. కానీ ఆపిన మందంతా ఉప్పుతోపాటు ఒక చిక్కటి ద్రవంగా మిగిలిపోతుంది. బల్క్ డ్రగ్ కర్మాగారాల్లో ఆ ద్రవాన్ని ఆవిరి యంత్రాల్లో మరిగించి, ఆరబెట్టి, ఘనవ్యర్థంగా మార్చి ప్రమాదకర వ్యర్థాల కేంద్రాలకు పంపుతారు. చుక్క నీరు కూడా బయటికి వదలని ఈ ఏర్పాటును జెడ్‌ఎల్‌డీ అంటారు. కాగితం మీద ఇది పరిపూర్ణంగా కనిపిస్తుంది. కరెంటు, బొగ్గు ఖర్చు భారీగా ఉండటంతో, తనిఖీ సడలిన చోట రాత్రిపూట వాగులోకి వదిలేయాలన్న ఆశ పుడుతుంది. అందుకే యంత్రం ఎంత ముఖ్యమో, వాగు నీటిని ఎప్పటికప్పుడు పరీక్షించి ఫలితాలను జనం ముందు పెట్టడం అంతే ముఖ్యం.

ప్రయోగశాలల్లో ఇంకా చాలా ఉన్నాయి. టైటానియం డయాక్సైడ్ మీద వెలుగు పడితే నీరు విచ్ఛిన్నమవుతుందని జపాన్ శాస్త్రవేత్తలు ఫుజిషిమా, హోండా 1972లో చూపించారు, దాని మీద వేల పరిశోధనలు నడిచాయి. 2016లో అమెరికాలో విలియం డిక్టెల్ బృందం మొక్కజొన్న పిండి లాంటివాటి నుంచి తయారయ్యే సైక్లోడెక్స్‌ట్రిన్‌తో, కాలుష్యాలను కార్బన్ కంటే వేగంగా పట్టుకునే జల్లెడ పదార్థాన్ని రూపొందించింది. కట్టెను తెల్లగా కుళ్లబెట్టే జాతి శిలీంధ్రాలు తమ ఎంజైములతో మందులను విడగొడతాయి. ఇవి ప్రయోగశాల గాజుపాత్ర దాటి ఊరి మురుగు దాకా రావడమే కష్టం. స్వచ్ఛమైన నీటిలో ఒక మందు కలిపి 99 శాతం తొలగించామని చెప్పే పత్రాలు కోకొల్లలు. నురుగు, నూనె, ఉప్పు, నలభై రకాల రసాయనాలు కలిసిన అసలు మురుగులో ఆ ఫలితం నిలబడిన సందర్భాలు తక్కువ.

చట్టం చేతికి వచ్చినప్పుడు

స్విట్జర్లాండ్ ముందుగా కదిలింది. 2014లో జ్యూరిక్ దగ్గరి డ్యూబెన్‌డార్ఫ్‌లో నోయ్‌గుట్ కేంద్రం ఓజోన్ శుద్ధిని పూర్తిస్థాయిలో మొదలుపెట్టింది. 2016 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన చట్టం ప్రకారం ఎంపిక చేసిన కేంద్రాలు సూక్ష్మ కాలుష్యాలలో 80 శాతాన్ని తొలగించాలి. ఖర్చు కోసం తలకు ఏడాదికి 9 స్విస్ ఫ్రాంకుల దాకా వసూలు చేస్తారు. యూరోపియన్ యూనియన్ 2024లో ఇంకో అడుగు వేసింది. లక్షన్నర జనాభా స్థాయి, ఆ పైన ఉన్న కేంద్రాలన్నీ 2045 నాటికి నాలుగో అంచె పెట్టాలి. అందులో కనీసం 80 శాతం ఖర్చు మందుల, సౌందర్య సాధనాల కంపెనీలు భరించాలి. కంపెనీలు దీన్ని కోర్టులో సవాలు చేశాయి.

భారత్ 2020 జనవరిలో ఆశ పుట్టించింది. బల్క్ డ్రగ్ కర్మాగారాల వ్యర్థజలాల్లో యాంటీబయాటిక్ అవశేషాలకు హద్దులు పెడుతూ ముసాయిదా వచ్చింది. అమల్లోకి వచ్చి ఉంటే ప్రపంచానికి దారి చూపేది. 2021 ఆగస్టులో తుది ప్రకటన వెలువడినప్పుడు ఆ హద్దులు అందులో లేవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 సెప్టెంబరులో యాంటీబయాటిక్ తయారీ వ్యర్థాల మీద తొలి మార్గదర్శకాలు ఇచ్చింది. అవి చట్టం కావు, సూచనలే. ప్రపంచానికి యాంటీబయాటిక్‌లు పంపే దేశం తన వాగులకు ఆ హద్దులు పెట్టుకోకపోవడం సమర్థించుకోగలిగేది కాదు.

పేగు వైపు పరిశోధన

వారానికి మూడుసార్ల కంటే తక్కువ మలవిసర్జన, ముక్కడం, మలం గట్టిపడటం, పూర్తిగా కాలేదన్న భావన: అంతర్జాతీయ నిపుణులు 2016లో సవరించిన రోమ్ ప్రమాణాల్లో మలబద్ధకం లక్షణాలివి. పెద్దవాళ్లలో నూటికి పది మంది నుంచి పదిహేను మంది దీర్ఘకాలికంగా దీనితో బాధపడుతున్నారు. మలం రూపాన్ని ఏడు రకాలుగా విడగొట్టిన పట్టికను ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ వైద్యులు 1997లో తయారుచేశారు. నోటితో చెప్పడానికి మొహమాటపడే రోగి బొమ్మ మీద వేలు పెట్టి చూపిస్తే చాలు. ఒక చిన్న పట్టిక వైద్యుడికీ రోగికీ మధ్య ఉన్న సిగ్గును ఇంతగా తగ్గించడం గొప్ప విషయం.

మందుల వల్ల వచ్చే మలబద్ధకం ప్రత్యేకమైన సమస్య. ఐరన్ మాత్రలు, కాల్షియం, అల్యూమినియం ఉన్న యాంటాసిడ్లు, వెరపమిల్, అమిట్రిప్టిలిన్, వాంతులకిచ్చే ఒండాన్‌సెట్రాన్ అన్నీ పేగును నెమ్మదింపజేయగలవు. స్కిజోఫ్రెనియాకు వాడే క్లోజపిన్‌తో ఇది ప్రాణాంతకం కూడా కావచ్చు, అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2020లో ఆ హెచ్చరికను గట్టిచేసింది. గర్భిణులు ఐరన్ మాత్రలు మానేయడానికి మలబద్ధకం ఒక ముఖ్య కారణం. జ్యూరిక్ పరిశోధకులు 2017లో ఒక ఉపయోగకరమైన సంగతి చూపించారు. ఐరన్ నిల్వలు తగ్గిన యువతులకు మాత్రను రోజూ కాక రోజు విడిచి రోజు ఇస్తే, మాత్రలోని ఇనుము ఒంటికి ఎక్కువ శాతం పడుతుంది. పట్టని ఇనుమే కడుపును ఇబ్బంది పెడుతుంది కాబట్టి ఇది రెండు విధాల మేలు.

అన్నిటికంటే లోతుగా పరిశోధన జరిగింది మార్ఫిన్ జాతి మందుల మీద. మెదడులో నొప్పిని తగ్గించే గ్రాహకాలే పేగు గోడలోని నరాల వలలోనూ ఉన్నాయి. మార్ఫిన్ వాటికి అతుక్కుంటే పేగు ముందుకు తోయడం తగ్గుతుంది, స్రావాలు తగ్గుతాయి, మలద్వార కండరం బిగుసుకుంటుంది. మలం పెద్దపేగులో ఎక్కువసేపు ఉండి నీరంతా పీల్చబడి రాయిలా అవుతుంది. మార్ఫిన్ వల్ల వచ్చే వికారం, మగతకు ఒళ్లు కొన్నాళ్లకు అలవాటుపడుతుంది. మలబద్ధకానికి మాత్రం అలవాటుపడదు.

1979లో షికాగో విశ్వవిద్యాలయ ఔషధ శాస్త్రవేత్త లియాన్ గోల్డ్‌బర్గ్‌కు ఈ బాధ స్నేహితుడి రూపంలో ఎదురైంది. ఆ స్నేహితుడికి క్యాన్సర్ ఎముకలకు పాకింది. నొప్పికి మార్ఫిన్ పనిచేస్తోంది, కానీ మలబద్ధకం భరించలేక ఆయన మార్ఫినే వద్దన్నారు. మార్ఫిన్‌ను అడ్డుకునే నాల్‌ట్రెక్సోన్ ఇస్తే పేగు కదులుతుంది గానీ నొప్పి తిరగబడుతుంది. నాల్‌ట్రెక్సోన్ అణువుకు ఒక మిథైల్ గుంపు తగిలించి విద్యుదావేశం ఇస్తే, అది రక్తం నుంచి మెదడులోకి దాటలేదు. పేగులో మార్ఫిన్‌ను అడ్డుకుంటుంది, మెదడులో వదిలేస్తుంది. మిథైల్‌నాల్‌ట్రెక్సోన్ వెనకున్న ఆలోచన ఇదే. గోల్డ్‌బర్గ్ 1989లో మరణించారు. ఆయన సహచరులు పని కొనసాగించారు. 2008లో వెలువడిన పరీక్షలో, మొదటి ఇంజెక్షన్ తర్వాత నాలుగు గంటల్లో 48 శాతం మందికి విరేచనం అయింది. ఉత్తుత్తి ఇంజెక్షన్ తీసుకున్నవాళ్లలో ఇది 15 శాతం. అదే ఏడాది అమెరికాలో అనుమతి వచ్చింది. ఒక మనిషి బాధ నుంచి ఒక మందు రావడానికి 29 ఏళ్లు పట్టింది. తర్వాత 2014లో నాలాక్సెగాల్, 2017లో జపాన్ కంపెనీ షియొనోగి తయారుచేసిన నాల్‌డెమిడిన్ మాత్రలుగా వచ్చాయి.

ఈ ఖరీదైన మందుల అవసరం అందరికీ రాదు. మార్ఫిన్ మొదలుపెట్టిన రోజే విరేచనకారి కూడా రాయడం పాలియేటివ్ వైద్యంలో మొదటి పాఠం. సునాముఖి ఆకు నుంచి తీసే సెన్నా, బిసకోడిల్, పాలీఇథైలీన్ గ్లైకాల్ పొడి, లాక్టులోజ్ ఎక్కువమందికి సరిపోతాయి. లాక్టులోజ్ కంటే పాలీఇథైలీన్ గ్లైకాల్ మేలని 2010లో కాక్రేన్ సమీక్ష తేల్చింది. అది పేగులో నీటిని పట్టి ఉంచి మలాన్ని మెత్తగా ఉంచుతుంది.

ఇక్కడ మన ఇళ్లలో తరచూ జరిగే పొరపాటొకటి ఉంది. మలబద్ధకం అనగానే ఈసబ్‌గోల్ ఇచ్చేస్తారు. గుజరాత్‌లో విరివిగా పండే ఈ పొట్టు ఆరోగ్యవంతులకు మంచిదే. మంచం పట్టి, నీళ్లు సరిగా తాగలేని, మార్ఫిన్ మీదున్న రోగికి ఇస్తే పేగులో ఉబ్బి అడ్డుపడే ప్రమాదముంది. నీరు, కదలిక ఉన్నచోటే పీచు పనిచేస్తుంది. అమ్మమ్మలు నెలకోసారి పట్టించే ఆముదం గురించి కూడా శాస్త్రం ఒక సంగతి చెప్పింది. అందులోని రిసినోలిక్ ఆమ్లం పేగు కండరంలోని ఈపీ3 అనే గ్రాహకాన్ని తట్టి పేగును ముడుచుకునేలా చేస్తుందని 2012లో జర్మన్ శాస్త్రవేత్తలు కనుగొన్నారు. అదే గ్రాహకం గర్భాశయంలోనూ ఉంది, కాబట్టి గర్భిణులు సొంతంగా ఆముదం తాగకూడదు.

పేగు మందుల చరిత్రలో వెనక్కి తీసుకున్నవీ ఉన్నాయి. దశాబ్దాలు విరేచనాల మాత్రగా అమ్ముడైన ఫినాల్ఫ్‌థలీన్‌ను క్యాన్సర్ భయంతో అమెరికా 1999లో తొలగించింది. సిసప్రైడ్ గుండె లయను చెడగొడుతుందని 2000లో పక్కకు పోయింది. ప్రూకలోప్రైడ్, లినాక్లోటైడ్ లాంటివి వచ్చాక ఎంపిక పెరిగింది. మందు లేని పరిశోధనలూ తేలిగ్గా తీసేయదగ్గవి కావు. ఇజ్రాయెల్ వైద్యుడు డొవ్ సికిరోవ్ 2003లో 28 మందిని పరిశీలిస్తే, గొంతుక్కూర్చున్నప్పుడు విసర్జనకు సగటున 51 సెకన్లు, ఎత్తు కమోడ్ మీద 130 సెకన్లు పట్టింది. మోకాళ్ల నొప్పులతో కమోడ్‌కు మారిన పెద్దవాళ్లు పాదాల కింద చిన్న పీట వేసుకుంటే కొంత మేలు.

రెండు దారులు కలిసే చోట

నీటిని శుద్ధి చేసే పదార్థాలు మనిషి పేగులోకీ వచ్చాయి. కిడ్నీ రోగుల రక్తంలో పొటాషియం పెరిగితే ఇచ్చే పాలీస్టైరీన్ సల్ఫొనేట్ పొడి, నీటి కాఠిన్యాన్ని తీసే యంత్రాల్లోని రెజిన్‌కు రసాయనికంగా సోదరి. పేగులో పొటాషియంను పట్టుకుని మలంతో బయటికి తెస్తుంది. దాని సాధారణ దుష్ఫలితం మలబద్ధకం. అరుదుగా పేగు గోడ దెబ్బతిన్న సందర్భాలూ ఉన్నాయి. విషం తాగినవాళ్లకు ఆసుపత్రిలో ఇచ్చే యాక్టివేటెడ్ చార్‌కోల్ కూడా నీటిశుద్ధి బొగ్గు లాంటిదే. అదీ మలబద్ధకం తెస్తుంది.

ఇదే బొగ్గుతో ఫ్రాన్స్‌లో మరో ఆలోచన పుట్టింది. డీఏవీ132 అనే గుళికలో బొగ్గును పూతపెట్టి, చిన్నపేగు చివరి భాగానికి చేరాకే విడుదలయ్యేలా చేశారు. యాంటీబయాటిక్ మొదట రక్తంలోకి పోయి తన పని చేస్తుంది. పెద్దపేగుకు చేరే మిగులును మాత్రం బొగ్గు పీల్చేస్తుంది. 2018లో ప్రచురించిన పరీక్షలో, మాక్సిఫ్లాక్ససిన్ వేసుకున్న ఆరోగ్యవంతుల మలంలో మందు 99 శాతం తగ్గింది, రక్తంలో మోతాదు మారలేదు. దీని ఉద్దేశం పేగులోని మంచి బ్యాక్టీరియాను కాపాడటం. ఈ దారి ముందుకు సాగితే మురుగులోకి చేరే యాంటీబయాటిక్ కూడా మూలంలోనే తగ్గవచ్చు.

మూలంలో ఆపే ప్రయత్నాలు ఇంకా ఉన్నాయి. జర్మనీలో రూర్ నది పరీవాహకంలో, కాంట్రాస్ట్ మందు ఎక్కించుకున్న రోగులకు మూత్రం పట్టే సంచులిచ్చి, వాటిని చెత్తతో కలిపి కాల్చేలా చూశారు. కేరళ 2025లో ఎన్‌ప్రౌడ్ పేరుతో వాడని మందులను ఇళ్ల నుంచి వెనక్కి సేకరించడం ప్రారంభించింది. అదే ఏడాది కేంద్ర ఔషధ ప్రమాణాల నియంత్రణ సంస్థ ఇచ్చిన మార్గదర్శకాల్లో ఒక ఇబ్బంది కనిపిస్తుంది. ఫెంటానిల్, ట్రమడాల్ సహా 17 మందులు మిగిలిపోతే టాయిలెట్‌లోనో సింక్‌లోనో వదిలేయమంటాయవి. పొరపాటున పిల్లలు మింగితే ఒక్క మోతాదే ప్రాణం తీయవచ్చు కాబట్టి ఆ సలహాకు అర్థముంది. ట్రమడాల్‌ను మామూలు శుద్ధి కేంద్రాలు ఆపలేవన్నదీ నిజమే. మందుల షాపుల్లో తిరిగి తీసుకునే పెట్టెలుంటే ఈ రెండింటిలో ఒకదాన్ని ఎంచుకోవాల్సిన అవసరం రాదు.

అంతవరకు ఇంట్లో చేయగలిగినవి కొన్నున్నాయి. జలుబుకు యాంటీబయాటిక్ కొనకండి. పై 17 మందులు తప్ప మిగతా పాత మాత్రలను కాలువలో పారేయకండి. డైక్లోఫెనాక్ జెల్‌లో చర్మం గుండా రక్తంలోకి చేరేది చాలా తక్కువ, కనుక రాసుకున్నాక చేతులను ముందు కాగితంతో తుడిచి, తర్వాత కడుక్కోండి. కొత్త మందు మొదలయ్యాక మూడు రోజులు విరేచనం కాకపోతే డాక్టరుకు చెప్పండి, మందు మీరే ఆపేయకండి. కడుపు ఉబ్బరం, వాంతులు, రక్తం కనిపిస్తే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి. తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు ప్రతి మండలంలో ఒక మందుల షాపులోనైనా మిగిలిన మందులు తీసుకునే పెట్టె పెట్టాలి, పారిశ్రామికవాడల వాగుల్లో యాంటీబయాటిక్ మోతాదులను ప్రతినెలా ప్రకటించాలి.